బళ్లారి: హద్దు మీది నగరం, ఒక సమీక్ష

కర్ణాటక రాష్ట్రపు తూర్పు అంచున, ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు జిల్లాలకు పొరుగున ఉన్న బళ్లారి నగరాన్ని గురించి గత నూరేళ్లలో వచ్చిన రచనలు ప్రధానంగా రెండు పాయలుగా సాగాయి. తెలుగు రచనలకు బళ్లారి ఆధునిక నాటకరంగపు పుట్టిల్లు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ నడయాడిన ఊరు. ఆ కథ 1946లో రాఘవ మరణంతోనో, 1953లో ఊరు మైసూరు రాష్ట్రంలో కలవడంతోనో ముగిసిపోతుంది. కన్నడ రచనలకు బళ్లారి కర్ణాటక ఏకీకరణ ఉద్యమంలో పోరాడి దక్కించుకున్న నేల; ఆ కథ దాదాపుగా 1953 దగ్గరే ఊపందుకుంటుంది. ఈ శతాబ్దిలో వార్తాపత్రికలు మూడో బళ్లారిని ముందుకు తెచ్చాయి. అది ఇనుప ఖనిజం, అక్రమ తవ్వకాలు, న్యాయస్థానాల ఉత్తర్వుల బళ్లారి. మూడింటికీ ఆధారాలున్నాయి, మూడూ పాక్షికాలే. హద్దు గీసినవారు పాలనను రెండుగా విడదీయగలిగారు గాని, ఈ ఊరికి నీళ్లిచ్చే కాలువను, సరుకు మోసే రైలును, వైద్యానికి వచ్చే రోగిని, బట్ట కుట్టే చేతిని విడదీయలేకపోయారన్నది ఈ సమీక్ష నిలబెట్టదలచిన వాదం.

కొండలు, కోట, కంటోన్మెంటు

నల్లరేగడి మైదానం మధ్య రెండు గ్రానైటు కొండలు లేచి నిలవడం బళ్లారి భౌగోళిక స్వరూపంలో మొదట కంటబడే విషయం. వాటిలో కోట ఉన్నది బళ్లారి గుడ్డ. రెండోది కుంబార గుడ్డ, దూరం నుంచి చూసినవారికి వెల్లకిలా పడుకున్న మనిషి ముఖంలా తోచడం వల్ల ఆంగ్లేయుల కాలం నుంచి దానికి ఫేస్ హిల్ అన్న పేరు కూడా ఉంది. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్లకు మించని వాన, వేసవిలో రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదలని బండలు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపించే హగరి, అంటే వేదవతి నది, ఇవన్నీ కలిసి ఈ ప్రాంతాన్ని కరువుసీమల జాబితాలో చేర్చాయి. 1876-78 నాటి మహా కరువు ఇక్కడ ఎంత కోత కోసిందంటే, 1871లో ఉన్న జిల్లా జనాభా 1881 జనగణన నాటికి దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది. ఈ విపత్తును గుర్తుంచుకుంటేనే తరవాతి తుంగభద్ర నీటి వివాదంలో కన్నడ, తెలుగు పక్షాలు రెండూ చూపిన పట్టుదల అర్థమవుతుంది.

నగర శివార్లలోని సంగనకల్లు, కుప్పగల్లు కొండలు దక్షిణ భారత నవీన శిలాయుగ అధ్యయనానికి మూలస్థానాల్లో ఒకటి. 19వ శతాబ్దిలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఇక్కడి రాతి గొడ్డళ్లను సేకరించి వాటి ప్రాముఖ్యాన్ని లోకానికి తెలిపితే, తెలుగువాడైన పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు 1940లలో సంగనకల్లులో తవ్వకాలు జరిపి బళ్లారి రాతియుగ సంస్కృతుల మీద గ్రంథం రాశాడు. రాతి గొడ్డళ్లను ఒకచోట పెద్ద ఎత్తున చెక్కి దూరప్రాంతాలకు పంపిన తయారీ కేంద్రంగా ఈ కొండను పండితులు గుర్తించారు. పశువుల పేడ ఏళ్ల తరబడి పోగుపడి, దాన్ని కాల్చడం వల్ల ఏర్పడిన బూడిద దిబ్బ కుడతిని దగ్గర ఉంది. కుప్పగల్లు కొండ మీద ఎద్దుల బొమ్మలు చెక్కిన బండలతోపాటు, రాతితో కొడితే గంటలా మోగే శిలలు కూడా ఉన్నాయి. వాటి మీది గుంటలను బట్టి ఆనాటివారు వాటిని కావాలనే మోగించేవారని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. రాతి పనిలో ఇంత ప్రాచీన చరిత్ర ఉన్న కొండలకు కంకర క్వారీల వల్ల జరిగిన నష్టం తీర్చలేనిది. ఫూట్ పేరు కలిపి నగరంలో ఏర్పాటు చేసిన పురావస్తు ప్రదర్శనశాల మిగిలినదాన్నైనా కాపాడే ప్రయత్నాల్లో చెప్పుకోదగింది.

కొండ మీది ఎగువ కోటను విజయనగర సామంతుడైన హనుమప్ప నాయకుడు కట్టించాడని, దిగువ కోట 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో హైదరాలీ కాలంలో ఒక ఫ్రెంచి ఇంజనీరు పర్యవేక్షణలో లేచిందని చెబుతారు. ఎదుటి కుంబార గుడ్డ కోట కొండ కంటే ఎత్తుగా ఉండి ఫిరంగులకు అనువుగా ఉన్న సంగతి పని పూర్తయ్యాక బయటపడిందని, అందుకు హైదరాలీ ఆ ఇంజనీరును ఉరి తీయించాడని ఒక కథ స్థానికంగా ప్రచారంలో ఉంది. 1792 యుద్ధం తరవాత నిజాముకు, 1800లో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి ఈ ప్రాంతం దత్తమైంది. అలా దత్తమైన సీమనే దత్తమండలం అన్నారు. దాని తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో పాళెగాళ్ల బలాన్ని అణచి, భూమిని సర్వే చేయించి, జమీందారు ప్రమేయం లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి ఇక్కడే రూపం దిద్దాడు. 1808లో దత్తమండలాన్ని బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. నేటి అనంతపురం ప్రాంతం 1882లో వేరు జిల్లా అయ్యేదాకా బళ్లారిలో భాగమే. గుత్తి, పెనుకొండ, ధర్మవరం వంటి తెలుగు ఊళ్లకు మూడు తరాలపాటు కచేరి బళ్లారిలో ఉండేదన్న సంగతి, తరవాత ఈ పట్టణంలో తెలుగు వకీళ్లు, గుమాస్తాలు, వర్తకులు అంత సంఖ్యలో ఎందుకున్నారన్నదానికి సమాధానం.

సైనిక కంటోన్మెంటు, జైలు, రైలు మార్గం కలిసి 19వ శతాబ్దిలో బళ్లారిని మద్రాసు రాజధానిలోని ముఖ్య పట్టణాల్లో ఒకటిగా నిలబెట్టాయి. సిపాయిలకు, దొరలకు సరుకులమ్మిన బజార్లు కౌల్ బజారు, బ్రూస్‌పేట వంటి పేటలుగా స్థిరపడ్డాయి. ఉర్దూ మాట్లాడే ముస్లిములు, మరాఠీ దర్జీలు, తమిళ ఉద్యోగులు, తెలుగు కోమట్లు, కన్నడ లింగాయతు వర్తకులు ఒకే పట్టణంలో పక్కపక్కన కుదురుకున్నారు. 1810లో వచ్చిన లండన్ మిషన్ మతాధికారి జాన్ హ్యాండ్స్ కన్నడ బైబిలు అనువాదానికి ఇక్కడే పూనుకోగా, అదే మిషను పెట్టిన వార్డ్‌లా పాఠశాల తరవాత కళాశాల స్థాయికి ఎదిగి తెలుగు, కన్నడ కుటుంబాల పిల్లలకు ఒకే బల్ల మీద చదువు చెప్పింది. ఈ జిల్లాలో పనిచేసిన ఉద్యోగి రాబర్ట్ సెవెల్ 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్రను గ్రంథంగా వెలువరించి, హంపి శిథిలాల వైపు పండితలోకపు చూపు మళ్లించాడు.

రంగస్థలం

బళ్లారి చరిత్రలో తెలుగు పాఠకుడు ఎక్కువగా ఎరిగిన అధ్యాయం నాటకరంగమే అయినా, అది ఈ పట్టణంలోనే ఎందుకు విరిసిందన్న ప్రశ్నను సాహిత్య చరిత్రలు పైపైనే తడిమి వదిలాయి. ధారవాడ, మహారాష్ట్ర ప్రాంతాల నాటక సమాజాలు రైలెక్కి దక్షిణానికి వచ్చేటప్పుడు బళ్లారి వాటి దారిలో ఉండేది. పాటలతో, పరదాలతో, దీపాలతో అవి చూపిన ప్రదర్శనలను కళ్లారా చూసిన చదువుకున్న మధ్యతరగతి, ముఖ్యంగా కోర్టుల చుట్టూ జీవించే వకీళ్లు, అలాంటివి తెలుగులో ఎందుకు లేవని అడగడం మొదలుపెట్టారు. అంటే తెలుగు నాటకానికి బళ్లారిలో ఊపిరి పోసినవి కన్నడ, మరాఠీ రంగస్థలాల సామీప్యం, ఇంగ్లీషు చదువు తెచ్చిన షేక్‌స్పియర్, వీటికి తోడు వకీలు వృత్తి ఇచ్చిన తీరిక, సంపాదన. ఏకభాషా పట్టణంలో ఈ మూడూ ఒకచోట దొరికేవి కావు.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారిలో న్యాయవాద వృత్తి చేస్తూ సరస వినోదిని సభను స్థాపించి, చిత్రనళీయం మొదలుకొని వరసగా నాటకాలు రాసి, ఆడి, ఆడించాడు. అంతకుముందు సంస్కృత నాటకాల అనువాదాలుగానో, వీధి భాగవతాలుగానో ఉన్న తెలుగు రూపకానికి అంకాలు, రంగాలు, పాత్రల మధ్య పాటలు, చదువరికీ సామాన్యుడికీ పట్టుబడే సంభాషణ ఆయన సమకూర్చాడు. ఆయన రాసిన విషాద సారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకాల్లో ఒకటిగా నిలిచింది; మంచివాడు చివరికి గెలవకపోవడాన్ని వేదిక మీద చూడటానికి ప్రేక్షకుణ్ణి అలవాటు చేయడం ఆనాటికి సాహసం. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనకు ఊరికే రాలేదు.

ఆయనకు సమకాలికుడు, అదే కోర్టులో వకీలు, హోసపేట సమీపంలోని కమలాపురంలో పుట్టిన కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) దారి వేరు. సుమనోరమ సభ ఆయన వేదిక. పురాణాల కంటే చరిత్ర ఆయనకు ఇష్టవస్తువు. హంపి శిథిలాల నీడలో పెరిగినవాడు విజయనగర పతనాన్ని రామరాజు చరిత్రగా నాటకీకరించడం సహజమే గాని, సెవెల్ గ్రంథం, స్థానిక ఐతిహ్యాలు, పారశీక చరిత్రకారుల కథనాలు కలిసి ఒక తెలుగు నాటకానికి ముడిసరుకు కావడం బళ్లారిలోనే సాధ్యపడింది. ప్రపంచ నాటక చరిత్రను ఆయన ఇంగ్లీషులో గ్రంథంగా రాశాడన్న సంగతి నేటి నాటక విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ఇది విచారించవలసిన విషయం. రెండు సభల మధ్య పోటీ ఉండేది. ఆ పోటీ వల్లే పట్టణంలో ప్రేక్షకుల అభిరుచి పదునెక్కింది.

ధర్మవరానికి మేనల్లుడైన తాడిపత్రి రాఘవాచార్యులు (1880-1946) బళ్లారి రాఘవగా ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఆయనా న్యాయవాదే. రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం పాత్రలో గొంతు, చూపు, మౌనం వాడిన తీరు గురించి చూసినవారు రాసిన వర్ణనలు, రాగాలాపనలకు, పద్యం సాగదీతకు అలవాటుపడిన కాలంలో ఆయన సహజాభినయం ఎంత కొత్తగా తోచిందో తెలుపుతాయి. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఆయన నటించాడు. 1928లో ఇంగ్లండు వెళ్లినప్పుడు బెర్నార్డ్ షా వంటి నాటకకర్తలను కలుసుకున్నాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి కుటుంబ స్త్రీలను వేదికకు తెచ్చాడు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, 1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన రైతుబిడ్డ వంటి చిత్రాల్లో కనిపించినా, సినిమా ఆయన శక్తిని పట్టుకోలేకపోయింది. రాఘవకు సన్నిహితుడైన కన్నడ కవి, నాటకకర్త, కావ్యగాన విద్వాంసుడు జోళదరాశి దొడ్డనగౌడ బళ్లారి జిల్లా పల్లె నుంచి వచ్చినవాడు. తరవాతి తరంలో సుభద్రమ్మ మన్సూరు కన్నడ, తెలుగు నాటకాలు రెండింట్లోనూ పాడి, నటించి మెప్పించింది. బెళగల్లు వీరణ్ణ తోలుబొమ్మలాటను కొత్త తరానికి చేర్చాడు. ఈ వరసను చూసిన తరవాత బళ్లారి రంగస్థలాన్ని తెలుగు నాటక చరిత్రలో ఒక ప్రకరణంగానో, కన్నడ రంగభూమిలో ఒక ప్రకరణంగానో కుదించడం న్యాయం కాదు. నగరంలో రాఘవ పేరిట ఉన్న కళామందిరంలో నేటికీ రెండు భాషల నాటకాలకూ చోటుంది.

1953

భాషా ప్రాతిపదిక మీద రాష్ట్రాలు ఏర్పడాలన్న సూత్రానికి బళ్లారి వంటి పట్టణాలు పరీక్షగా నిలిచాయి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరవాత ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వెలువడినప్పుడు, మద్రాసు నగరంతోపాటు తేలవలసిన చిక్కుల్లో బళ్లారి జిల్లా ఒకటి. జిల్లాలోని తాలూకాల్లో ఆదోని, ఆలూరు, రాయదుర్గాలను ఆంధ్రకు, హరపనహళ్లి, హడగలి, కూడ్లిగి, హోసపేట, సండూరు, సిరుగుప్పలను మైసూరుకు కేటాయించారు. మిశ్రమ జనాభా ఉన్న బళ్లారి తాలూకా విషయం తేల్చడానికి హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. ఆయన నివేదికను అనుసరించి బళ్లారి తాలూకా మైసూరుకు వెళ్లింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించిన రోజునే ఈ మార్పు అమల్లోకి వచ్చింది.

ఆ రోజుల్లో పట్టణంలో నెలకొన్న ఉద్రిక్తతను తక్కువ చేసి చెప్పడం సరికాదు. ఏకీకరణ సంబరాల కోసం వేసిన పందిరికి కాపలా ఉన్న పింజార రంజాన్ సాబ్ దాడిలో మరణించాడు. కన్నడిగులు ఆయనను అమరుడిగా స్మరిస్తారు. తెలుగువారి వైపు బళ్లారిని పోగొట్టుకున్నామన్న బాధ పత్రికల్లో, సభల్లో ఏళ్ల తరబడి వినిపించింది. ఈ కథలో తరచు మరచిపోయే మలుపు 1955లో వచ్చింది: ఫజల్ అలీ అధ్యక్షుడుగా, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా ఉన్న రాష్ట్రాల పునర్విభజన సంఘం, తుంగభద్ర ప్రాజెక్టు నిర్వహణను, పట్టణానికి ఆంధ్ర ప్రాంతంతో ఉన్న సంబంధాలను ఆధారం చేసుకొని, బళ్లారి, సిరుగుప్ప, హోసపేట తాలూకాలను మల్లాపురం ఉపతాలూకాలోని కొంత భాగంతో సహా ఆంధ్రకు బదలాయించాలని సిఫారసు చేసింది. కన్నడ ప్రాంతంలో వ్యతిరేకత వెల్లువెత్తడంతో కేంద్ర ప్రభుత్వం ఆ సిఫారసును ఆమోదించలేదు. 1956 నవంబరు 1న బళ్లారి విస్తృత మైసూరులో అలాగే నిలిచింది. రెండేళ్ల తేడాలో ఒకే ప్రశ్నను పరిశీలించిన ఇద్దరు అధికారిక పరిశీలకులు రెండు వేరువేరు సమాధానాలకు చేరారంటే, లోపం వారి తెలివిలో లేదు. ఇళ్లలో ఒక భాష, బజారులో మరొకటి, కచేరిలో మూడోది మాట్లాడే ఊరికి లెక్కలతో ఒకే భాషను అంటగట్టడంలో ఉంది.

విభజన వల్ల ఎక్కువగా నష్టపోయినవి ఆంధ్రకు వచ్చిన అంచు ఊళ్లేనని చెప్పవచ్చు. రాయదుర్గానికి సంత, ఆసుపత్రి, టోకు అంగళ్లు బళ్లారిలో ఉంటే, పాలన మాత్రం అనంతపురానికి మళ్లింది. బళ్లారి వారి పరిస్థితి దీనికి అద్దం పట్టినట్టే ఉంటుంది: మైసూరు నుంచి బెంగళూరు మీదుగా హుబ్బళ్లికి వెళ్లే హంపి ఎక్స్‌ప్రెస్ హిందూపురం, ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు దాటాకే బళ్లారికి చేరుతుంది, అంటే బళ్లారి పౌరుడు తన రాష్ట్ర రాజధానికి ఈ రైలులో పోవాలంటే ఆంధ్రప్రదేశ్ మీదుగా వెళ్లాలి. 1961లో ఏర్పడి, విమ్స్‌గా పేరు పొందిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి రాయదుర్గం, ఆలూరు, ఆదోని, గుంతకల్లు వైపు నుంచి రోగులు వస్తూనే ఉన్నారు.

తుంగభద్ర

నగరాన్ని నిజంగా మార్చింది సరిహద్దు కాదు, నీళ్లు. తుంగభద్రకు అడ్డుకట్ట వేసి ఈ కరువుసీమకు నీరివ్వాలన్న ఆలోచన 1860 ప్రాంతంలో సర్ ఆర్థర్ కాటన్ నాటిది. మద్రాసు ప్రభుత్వం, నిజాము ప్రభుత్వం వాటాల మీద ఒక ఒప్పందానికి రావడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది. 1945 ఫిబ్రవరి 28న రెండు గట్ల మీదా శంకుస్థాపనలు జరిగి, తిరుమల అయ్యంగారు వంటి ఇంజనీర్ల చేతుల మీదుగా 1953 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట పని ముగిసిన ఏడాదే జిల్లా చీలడం వల్ల, ఉమ్మడి నిర్వహణకు తుంగభద్ర బోర్డు ఏర్పడవలసి వచ్చింది.

కుడి గట్టున రెండు కాలువలు బయలుదేరతాయి. దిగువ కాలువ కంప్లి, సిరుగుప్ప వైపు సాగి కర్నూలు జిల్లాకు చేరుతుంది. ఎగువ కాలువ బళ్లారిని ఆనుకొని పోయి అనంతపురం జిల్లా పొలాలకు, తాగునీటి చెరువులకు నీరందిస్తుంది. బళ్లారి నగరపు తాగునీటికి ఆధారమైన అల్లీపురం చెరువు నిండేదీ ఎగువ కాలువ నీటితోనే. బచావత్ ట్రిబ్యునలు తుంగభద్ర జలాశయం నుంచి కర్ణాటకకు 138.99 టి.ఎం.సి.లు, నేటి ఆంధ్రప్రదేశ్‌కు వర్తించే 66.5 టి.ఎం.సి.లు కేటాయించింది, టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగుల నీరు. ఆంధ్ర వాటాలో 32.5 ఎగువ కాలువకు, 24 దిగువ కాలువకు, 10 కర్నూలు-కడప కాలువకు చెందుతాయి. కాగితం మీది ఈ వాటాలకు, జలాశయంలో నిజంగా ఉన్న చోటుకు పొంతన తగ్గుతూ వస్తోంది: మొదట సుమారు 133 టి.ఎం.సి.లు పట్టే జలాశయం, పూడిక వల్ల తాజా లెక్కల ప్రకారం 105.79 టి.ఎం.సి.లకు పడిపోయింది. తగ్గినదాన్ని అందరూ దామాషాలో భరించవలసిందే. కాని కాలువ తల దగ్గర ఉన్న ఊరికి ఆ కోత ఒకలా, చివరి తూము దగ్గర ఉన్న ఊరికి మరోలా తగులుతుంది. ఎగువ కాలువ మీద లస్కర్లు, అంటే గట్టు వెంట తిరుగుతూ తూములు చూసుకునే సిబ్బంది, వేసవి ముందు రోజుల్లో రాత్రీపగలూ కాపలా కాసేది ఈ తేడా వల్లే.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ ఉమ్మడి జీవనం స్పష్టంగా కనిపించింది. నిండిన జలాశయం నుంచి నీళ్లు వృథాగా పోతుంటే, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి సారథ్యంలో ఇంజనీర్లు, కార్మికులు ప్రవాహం సాగుతుండగానే ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి దించి వారం రోజుల లోపే నీటిని ఆపగలిగారు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ రైతులు మూడు రాష్ట్రాల్లోనూ ఒకే వార్త కోసం ఎదురుచూసిన రోజులవి. ఏడు దశాబ్దాల వయసున్న గేట్లన్నిటినీ మార్చవలసిన అవసరాన్ని ఆ ప్రమాదం అందరి ముందు పెట్టింది.

కాలువలు తెచ్చిన మరో మార్పు జనంలో వచ్చింది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి, అక్కడ అమ్మిన భూమి డబ్బుతో ఇక్కడ అంతకంటే ఎక్కువ విస్తీర్ణం కొని, సిరుగుప్ప, కంప్లి, నదికి అవతల గంగావతి, సింధనూరు ప్రాంతాల్లో క్యాంపులు వేసుకున్నారు. క్యాంపు అంటే తాత్కాలిక విడిది అన్న అర్థం పోయి, ఊరి పేర్లలో భాగంగా నిలిచిపోయింది. నల్లరేగడిలో జొన్న, పత్తి, కుసుమ పండిన చోట వరి నాట్లు, సోనామసూరి బియ్యం, వరసగా రైసు మిల్లులు వచ్చాయి. స్థానిక రైతు కాలువ నీటిని ఆరుతడి పంటకు వాడాలని ప్రాజెక్టు రూపకర్తలు అనుకుంటే, వలసరైతు చేతిలో అది మాగాణి అయింది. చౌడు, నీటి ముంపు, చివరి ఆయకట్టుకు నీరందకపోవడం వంటి సమస్యలకు మూలం అక్కడే ఉంది. అయినా ఆ రైతు తెచ్చిన సేద్యపు నైపుణ్యం, పెట్టుబడి, కష్టం లేకుండా బళ్లారి బజారు ఈ స్థాయికి ఎదిగేది కాదన్నది నిష్పాక్షికంగా ఒప్పుకోవలసిన సంగతి. మిరప మాత్రం ఇంకా దూరమే ప్రయాణిస్తుంది: ఇటు బళ్లారి రైతులు, అటు ఆంధ్ర సరిహద్దు రైతులు తమ ఎండుమిరప బస్తాలను హావేరి జిల్లాలోని బ్యాడగి మార్కెట్టుకు లారీల్లో తరలిస్తారు.

ఇనుము, బట్ట

హోసపేట, సండూరు, బళ్లారి కొండల్లోని మేలురకపు ఇనుప ఖనిజం చాలాకాలం ప్రభుత్వ సంస్థల చేతుల్లో నెమ్మదిగా కదిలింది. దోణిమలైలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గని 1970లలో మొదలైతే, తోరణగల్లులో ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ వేసిన పునాదిరాయి దశాబ్దాల తరవాత ప్రైవేటు రంగంలో జిందాల్ కర్మాగారంగా ఫలించింది. చైనా గిరాకీ వల్ల 2003 ప్రాంతం నుంచి ఖనిజం ధర ఆకాశానికి అంటడంతో నగరం రూపు మారిపోయింది. ఎర్రటి దుమ్ము పట్టిన లారీల వరసలు, ఆ దుమ్ములో ముదురు ఎరుపెక్కిన పైర్లు, ఒక్కసారిగా వచ్చిపడిన డబ్బు, ఆ డబ్బుతో నడిచిన రాజకీయం, ఇవన్నీ దేశవ్యాప్త చర్చకెక్కాయి. లోకాయుక్త సంతోష్ హెగ్డే 2011 జులైలో సమర్పించిన నివేదిక, ఆ నెలాఖరులోనే బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఆ దశకు తెర దించాయి.

ఈ వ్యవహారంలో సరిహద్దుకు ఉన్న పాత్ర వేరే చెప్పవలసింది. అనంతపురం జిల్లా వైపున్న ఓబుళాపురం గనుల్లో తవ్వుతూ హద్దురాళ్లను చెరిపి కర్ణాటక అడవిలోకి జొరబడ్డారన్నది ఆరోపణల్లో ప్రధానమైనది; హద్దు గుర్తుగా నిలిచిన సుగ్గులమ్మ గుడి 2006లో పేలుళ్లకు కూలిపోయింది. 1953లో కాగితం మీద గీసిన గీతను నేల మీద ఎక్కడ ఉందో తేల్చడానికి సుప్రీంకోర్టు ఆదేశంతో సర్వే ఆఫ్ ఇండియా రంగంలోకి దిగవలసి వచ్చింది. 2025 మేలో హైదరాబాదులోని సీబీఐ న్యాయస్థానం ఓబుళాపురం కేసులో కొందరికి శిక్షలు విధించగా, మరుసటి నెల తెలంగాణ హైకోర్టు ఆ శిక్షల అమలును నిలిపివేసింది. భాష కోసం కొట్లాడిన హద్దును అర్ధశతాబ్ది గడిచాక ఖనిజం కోసం చెరిపారన్నది ఈ ప్రాంతపు చరిత్రలో బాధాకరమైన ఘట్టం.

ఖనిజం గురించి రాసినవారెవరూ జీన్స్ గురించి అంతగా రాయలేదు. నగరంలో వేలాది కుటుంబాలకు కూడు పెడుతున్నది అదే. కంటోన్మెంటు సిపాయిలకు యూనిఫారాలు కుట్టిన దర్జీ కుటుంబాల పనితనం మీద 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఈ పరిశ్రమ పెరిగింది. డెనిమ్, అంటే నిలువు నీలి దారాలకు అడ్డంగా తెల్ల దారంతో నేసిన మందపు బట్ట, ఉత్తరాది మిల్లుల నుంచి తానులుగా వస్తుంది. పొడవాటి బల్ల మీద పదుల పొరలుగా పరచి, సుద్దతో గీసిన నమూనా వెంట కత్తిరింపు యంత్రాన్ని నడిపితే ఒక్క కోతలో డజన్లకొద్దీ ముక్కలు తెగుతాయి. జేబు ఒకరు, నడుం పట్టీ ఒకరు, గుండీ కాజా మరొకరు, అలా ఇల్లిల్లూ తిరిగి ముక్కలు ప్యాంటుగా కూడుకుంటాయి. కూలి పీసు లెక్కన వస్తుంది. తరవాత వాషింగ్ యూనిట్లలో పెద్ద డోళ్లలో నురగరాళ్లతో కలిపి తిప్పి, రంగు వెలిసినట్టు కనిపించేలా చేస్తారు. ఆ డోళ్ల నుంచి వచ్చే నీలినీళ్లను శుద్ధి చేయకుండా వదలడం మీద కాలుష్య నియంత్రణ మండలికి, యజమానులకు మధ్య ఏళ్లుగా పేచీ నడుస్తోంది. ముండ్రిగి వైపు పారిశ్రామిక వాడ వచ్చినా, పనిలో పెద్ద భాగం ఇంకా ఇరుకు వీధుల్లోని ఇళ్లలోనే జరుగుతుంది. ఈ పని హద్దు దాటి ఆంధ్రలోని రాయదుర్గానికి వ్యాపించింది. అక్కడి ఇళ్లలోనూ ఇవే ముక్కలు ఇదే పద్ధతిలో కుట్టుకుంటారు. 2023 ఎన్నికల ప్రచారంలో బళ్లారికి పెద్ద దుస్తుల పార్కు ఇస్తామన్న హామీ వచ్చింది. కార్మికుడికి దానికంటే ముందు కావలసింది పీసు ధరకు ఒక కనీస హద్దు, కళ్లకు వెలుతురున్న గది.

నేటి నగరం

2004లో నగరపాలక సంస్థగా మారిన బళ్లారి జనాభా 2011 జనగణనలో 4 లక్షలు దాటింది. 2012లో వచ్చిన 98వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 371-జె అధికరణం హైదరాబాదు-కర్ణాటక జిల్లాలకు విద్య, ఉద్యోగాల్లో ప్రత్యేక వసతి కల్పించినప్పుడు, నిజాము రాజ్యంలో భాగంగా 1948దాకా సాగిన చరిత్ర లేకపోయినా వెనుకబాటుతనం దృష్ట్యా బళ్లారినీ అందులో చేర్చారు. 2010లో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇక్కడ మొదలైంది. 2014 నవంబరు 1 నుంచి నగరపు అధికారిక ఆంగ్ల వర్ణక్రమం ప్రజలు పలికే తీరుకు దగ్గరయింది. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోవడంతో హంపి, ఆనకట్ట రెండూ బళ్లారి జిల్లాకు బయట పడ్డాయి. ఇప్పుడు జిల్లాలో మిగిలినవి బళ్లారి, సిరుగుప్ప, కంప్లి, సండూరు, కురుగోడు తాలూకాలు. 1808లో రాయలసీమలో పెద్ద భాగాన్ని ఏలిన జిల్లా కేంద్రం ఇంతగా కుదించుకుపోయినా, వ్యాపారంలో, వైద్యంలో, రవాణాలో దాని పరిధి జిల్లా గీతకు లోబడలేదు.

భాష విషయానికి వస్తే, నగరంలోని తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివి, రాయడం చదవడం వరకు కన్నడ లిపిలోనే పెరుగుతున్నారు. సినిమా హాళ్ల ముందు తెలుగు చిత్రాలకు బారులు కడతారు. పొద్దున ఫలహారంగా బొరుగులతో చేసిన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ అనంతపురంలో దొరికినట్టే ఇక్కడా ప్రతి వీధిలో దొరుకుతాయి. కనకదుర్గమ్మ సిడిబండి జాతరకు రెండు భాషలవారూ కలిసి వస్తారు. మాట్లాడే తెలుగు నిలిచినా, తెలుగు చదివే తరం తగ్గిపోతున్నందువల్ల ధర్మవరం, కోలాచలం నాటకాలు వారి సొంత ఊళ్లోనే చదివేవారు లేని పుస్తకాలవుతున్నాయి. వాటిని కన్నడంలోకి తేవడం, జోళదరాశి దొడ్డనగౌడ రచనలను తెలుగులోకి తేవడం, క్యాంపుల్లో మొదటి తరంగా స్థిరపడిన వృద్ధ రైతుల జ్ఞాపకాలను, కౌల్ బజారు దర్జీల పని చరిత్రను వారు బతికుండగానే నమోదు చేయడం బళ్లారి విశ్వవిద్యాలయం, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కలిసి చేపట్టదగిన పనులు. ఒకే చక్రవర్తి పేరు పెట్టుకున్న ఈ రెండు విద్యాసంస్థల మధ్య దూరం రైలులో కొన్ని గంటలే.